పుస్తకం ఖాళీగా ఇవ్వకూడదు

పందొమ్మిది వందల ఎనభై మూడులో, జెర్సీ సిటీలో ఆ పదకొండంతస్తుల బిల్డింగ్ మొత్తం మీద తెలుగిళ్ళు ఐదు. శనివారం మధ్యాహ్నం మూడయ్యేసరికి ఆ ఐదిళ్ళలో తీరిక ఉన్నవాళ్ళంతా నాలుగో అంతస్తులో రేణు ఇంట్లో చేరేవాళ్ళు. రేణు తల్లి అనంతలక్ష్మి నవల చదివేది, మిగతావాళ్ళు వినేవాళ్ళు. చదవడం వచ్చిన కుర్రాళ్ళకి తీరిక లేదు, తీరిక ఉన్న పెద్దలకి చూపు లేదు, రెండూ ఉన్నవాళ్ళకి టీవీ ఉంది. అందుకని ఆ పని ఆవిడ నెత్తిన పడింది.

ఆవిడ జూలైలో కూతురి పురిటికని వచ్చింది. సూట్‌కేసులో సగం ఆవకాయ, సగం పుస్తకాలు. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్ళు ఆవకాయ తీసేసుకుని పుస్తకాలు వదిలేశారు. ఆ రెండింట్లో ఏది ప్రమాదమో వాళ్ళకేం తెలుసు? అనంతలక్ష్మికి తెలుసు గానీ, ఆవిడని ఎవరూ అడగలేదు.

వినేవాళ్ళలో అందరికంటే ముందొచ్చేది వీరాంజనేయులు. ఆరో అంతస్తు శశికళ తండ్రి. డెబ్భైకి రెండేళ్ళు తక్కువ. నీటికాసులు వచ్చి కళ్ళు పోయాయి. వెలుతురూ నీడా తెలుస్తాయి, అంతే. చేతికర్రతో గోడ తడుముకుంటూ వచ్చి హీటర్ పక్క కుర్చీలో కూచుని, "ఏమ్మా, ఇవాళైనా ఆ పిల్లకి పెళ్ళి చేస్తావా, వచ్చేవారం దాకా ఏడిపిస్తావా?" అనేవాడు, నవల రాసింది అనంతలక్ష్మే అయినట్టు.

వెళ్ళేటప్పుడు ఒక పుస్తకం అప్పడిగి పట్టుకెళ్ళేవాడు.

"కళ్ళు కనపడవు కదా అంకుల్, పుస్తకం ఏం చేసుకుంటారు?" అంది రేణు మొదటిసారి.

"పక్కన పెట్టుకు పడుకుంటానమ్మా. నీకు మొగుడు లేడూ? అతను మాత్రం నీతో మాట్లాడతాడా ఏమిటి?"

రేణు మొగుడు ఉదయ్ అక్కడే పేపర్ చదువుకుంటున్నాడు. నిజంగానే మాట్లాడలేదు.

వారం తిరిగాక ఆయన పుస్తకం తిరిగిస్తే, పేజీల మధ్యనుంచి పంచదార పొట్లం ఒకటి జారిపడింది. వీధి చివర డోనట్ల కొట్లో కాఫీ పక్కన ఊరికే పెడతారే, ఆ చిన్న కాగితం పొట్లం.

"అంకుల్, షుగర్ ప్యాకెట్ మర్చిపోయారు."

"మర్చిపోలేదమ్మా. పుస్తకం ఖాళీగా ఇవ్వకూడదు."

వంటింట్లో ఉల్లిపాయ తరుగుతున్న అనంతలక్ష్మి చెయ్యి ఆగిపోయింది. గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని అందరికీ తెలుసు. పక్కింటివాళ్ళు కూర పంపిన గిన్నెలో చిటికెడు పంచదారో, ఉప్పో, నాలుగు బియ్యపు గింజలో వేసి తిరిగివ్వడం ఏ ఊళ్ళోనైనా ఉన్నదే. కానీ పుస్తకం ఖాళీగా ఇవ్వకూడదనే వీధి భూమ్మీద ఒకటే ఉంది. అది అండమాన్లో, పోర్ట్ బ్లెయిర్‌లో, సముద్రం వైపు దిగే ఏటవాలు మీద, పన్నెండు తెలుగిళ్ళ వీధి.

రేణుకీ శశికళకీ స్నేహం కుదిరింది కూడా ఇద్దరి వాళ్ళూ పోర్ట్ బ్లెయిర్ వాళ్ళనే. శశికళ ఆ నేల మొహం చూడలేదు. యుద్ధం అయ్యాక తండ్రి కాకినాడ వచ్చేసిన చాలా ఏళ్ళకి పుట్టింది. ఆయన ద్వీపం గురించి ఇంట్లో నోరెత్తేవాడు కాదు. మొదటి రోజు అనంతలక్ష్మిని మాత్రం, "ఏ వీధమ్మా మీది?" అని అడిగాడు. ఆవిడ ఊరికి అవతలి చివర వీధి ఒకటి చెప్పింది. కళ్ళు లేనివాడితో అబద్ధమాడడం తేలికే. పంచదార పొట్లం చూశాక ఆవిడకి అనుమానం కూడా మిగల్లేదు, ఆయన ఆ వీరాంజనేయులే.

ఆ వీధిలో రాధాకృష్ణ మేష్టారుండేవారు. భార్య పోయింది, ఒక్కత్తే కూతురు, బాలమణి. ఆయన దగ్గర ట్రంకు పెట్టె నిండా తెలుగు పుస్తకాలు. వీధిలో ఎవరడిగినా ఇచ్చేవారు. "గిన్నె అయితే ఖాళీగా ఇవ్వడానికి సిగ్గుపడతారు, పుస్తకం ఖాళీగా ఇవ్వడానికి సిగ్గు లేదటమ్మా?" అని ఒకసారి వేళాకోళానికన్నారు. ఆ మర్నాటినుంచి అదే ఆచారం అయి కూచుంది. చిలకీక, ఎండిన పువ్వు, పల్చటి గవ్వ, పొట్లం కట్టిన పటికబెల్లం, ఏదో ఒకటి పెట్టాలి. పుస్తకం తిరిగిరాగానే ముందు అందులో ఏముందో చూడడం బాలమణి హక్కు.

నలభై రెండులో జపాన్ వాళ్ళు దిగారు. ఏడాది తిరక్కుండా ఓడలు రావడం మానేశాయి, బియ్యం మానేశాయి. జనం చిలగడదుంప ఆకులు ఉడకేసుకు తిన్నారు, తర్వాత ఆకులు కూడా మానేశాయి. ఎవరింట్లో ఇంగ్లీషు ముక్క కనపడినా వాడు గూఢచారే. మేష్టారు ఇంగ్లీషు పుస్తకాలన్నీ పెరట్లో పాతేసి, తెలుగువి మాత్రం ఉంచుకున్నారు. ఆకలేసినప్పుడు వీధి పిల్లలు పుస్తకం పట్టుకెళ్ళేవాళ్ళు.

ఆ వీధిలో అన్నం వండింది వీరాంజనేయులి ఇల్లొక్కటే. మూడు నెలల్లో జపాన్ భాష నేర్చుకుని వాళ్ళకి దుబాసీగా చేరాడు. సాయంత్రం అన్నం వార్చిన వాసన పన్నెండిళ్ళకీ వచ్చేది. గంజి నీళ్ళయినా ఎవరికీ పొయ్యలేదు. వీధి దేన్నైనా క్షమించేదేమో గానీ ఆ వాసనని క్షమించలేదు.

అప్పుడు అనంతలక్ష్మికి పధ్నాలుగు. మేష్టారి పుస్తకం ఒకటి చదవడం అయింది, తిరిగివ్వాలి. పెట్టడానికి ఇంట్లో ఏమీ లేదు. ఏమీ అంటే ఏమీ. చిలకలు కూడా పొయ్యిలోకెళ్ళిపోయిన రోజులు. దుంపలకోసం కొండ మీద తవ్వుతుంటే పొదల్లో ఒక కాగితం దొరికింది. పైనుంచి ఇంగ్లీషువాళ్ళ విమానం జారవిడిచిన రకం. అలాంటివి దొరికితే వెంటనే ఆఫీసులో ఇచ్చెయ్యాలని, ఇవ్వకపోతే ప్రాణం తీస్తామని దండోరా వేశారు. ఆ పిల్లకది తెలుసు. కానీ ఆ కాగితం మూల ఒక బొమ్మ ఉంది. తెల్లటి పళ్ళెం, దాని నిండా రొట్టెలు, పక్కన గుడ్డు. అక్షరాలు ఉన్నవైపు ఆలోచించలేదు. బొమ్మ మేరకి చింపి, పుస్తకంలో పెట్టి ఇచ్చేసింది. నిజం తిండి లేదు కనక తిండి బొమ్మ. ఆచారం తప్పలేదని ఆ పూట ఎంతో సంతోషంగా ఇంటికొచ్చింది.

నాలుగో రోజు సోదాకొచ్చారు. వీధి వీధంతా బయట నిలబెట్టారు. మేష్టారింట్లో పుస్తకాలు ఒక్కోటీ అట్టలు పట్టుకుని తలకిందులుగా దులిపారు. బొమ్మ రాలింది. వెనకవైపు నాలుగు ఇంగ్లీషు మాటలు. వీరాంజనేయుల్ని పిలిచి చదవమన్నారు; చదివాడు. ఎవరిదని అడిగారు, మేష్టారు 'నాది' అన్నారు. ఆయన్ని తీసుకెళ్ళిన మూడో రోజున కళ్ళజోడు తిరిగొచ్చింది. మనిషి రాలేదు.

ఆ పూటే వీధిలో మాట పుట్టింది, కాగితం వీరాంజనేయులే పెట్టాడని. పెట్టినవాడే పట్టించాడని. తేలు కుట్టిన దొంగలా అనంతలక్ష్మి నోరు మూసుకుంది. మొదట భయం వల్ల. తర్వాత అలవాటు వల్ల.

జపాన్ వాళ్ళు వెళ్ళిపోయాక మిగిలినవాళ్ళు సాయంత్రాలు మేష్టారి అరుగుమీద చేరేవాళ్ళు. మిగిలిన పుస్తకాలు పదకొండు. అనంతలక్ష్మి చదివేది, బాలమణి ఆవిణ్ణి ఆనుకుని కూచునేది. ఆ చదువే తమని మళ్ళీ మనుషుల్ని చేసిందని తర్వాత వీధిలో అందరూ చెప్పుకున్నారు. నిజమే. ఒక్కణ్ణి తప్ప. వీరాంజనేయులు మొదటిరోజు అరుగు దగ్గరికొస్తే బాలమణి రాయి విసిరింది, ఎడమ చెవి తమ్మె తెగింది. ఇంకో నెలకి అతని పసిబిడ్డ జ్వరంతో పోతే, గొయ్యి తవ్వుకోవడానికి పలుగు అడుగుతూ ఇల్లిల్లూ తిరిగాడు. పన్నెండిళ్ళలో ఒక్క పలుగు కూడా లేకపోయింది. ఆ సాయంత్రం అరుగుమీద అనంతలక్ష్మి చదివింది నవ్వొచ్చే అధ్యాయం. అందరూ నవ్వారు కూడా.

అక్టోబర్లో రేణు ఉత్సాహంగా ఒక కబురు మోసుకొచ్చింది. "అమ్మా, తొమ్మిదో అంతస్తులో కొత్తగా డాక్టర్ శ్యామ్‌సుందర్ అని దిగారు. నేనే చెప్పి ఇప్పించాను అపార్ట్‌మెంట్. వాళ్ళమ్మగారిది కూడా పోర్ట్ బ్లెయిరేట! బాలమణిగారట. శనివారం రమ్మన్నాను. సర్‌ప్రైజ్!"

కందకి లేని దురద కత్తిపీటకెందుకో గానీ, అమెరికాలో పిల్లలకి మూలాలంటే మహా దురద.

శనివారం మూడుకి పది నిమిషాలుందనగా బాలమణి గుమ్మంలోనే అరిచింది. "ఏమే అనంతా! బతికే ఉన్నావే!"

"నువ్వు ఇద్దరి వంతు బతికినట్టున్నావే," అంది అనంతలక్ష్మి, ఆవిడ చుట్టూ చేతులు సరిపోక. ముప్పై ఏళ్ళ తర్వాత చూడడం. ఇద్దరికీ కళ్ళనీళ్ళొచ్చాయి. అవి నిజం నీళ్ళే.

"మా వాడు డాక్టరయ్యాడని సంబరపడ్డాను గానీ, మొదటి పేషంట్ని నేనే అయ్యానే. షుగరట. పంచదార డబ్బా తాళం వేసి దాస్తాడు. నీ కాఫీలో మూడు చెంచాలు వెయ్యి, చెప్పకు."

గడియారం మూడుకి ఐదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఫోన్ గోడకే ఉంది. శశికళకి ఫోన్ చేసి నాన్నగార్ని ఇవాళ పంపకమ్మా అంటే అయిపోయేది. ఎందుకని అడిగితే? అనంతలక్ష్మి మూడు చెంచాలు లెక్కపెట్టి కాఫీ కలిపింది. బెల్లు మోగింది.

"ఏమ్మా, ఇవాళైనా ఆ పిల్లకి పెళ్ళి చేస్తావా…" అంటూ ఆయన కర్రతో కుర్చీ వెతుక్కుంటున్నాడు. బాలమణి ఆయన మొహం చూడలేదు, చెవి చూసింది. తను చేసిన పని ఎవరైనా గుర్తుపడతారు.

"అనంతా," అంది, "ఇతను దుబాసీ వీరాంజనేయులు కాదూ?"

గొంతు వచ్చినవైపు ఆయన మొహం తిప్పాడు. "ఎవరమ్మా?"

"రాధాకృష్ణ మేష్టారి కూతుర్ని."

చేతికి కుర్చీ దొరికింది గానీ ఆయన కూచోలేదు.

గదిలో ఉన్న నలుగురు కుర్రవాళ్ళకీ బాలమణి కథంతా చెప్పింది. ఆవిడ చాలా బాగా చెబుతుంది, చాలాసార్లు చెప్పి ఉంటుంది. "పుస్తకంలో కాగితం పెట్టింది ఈ చేతులే. మళ్ళీ ఏమీ ఎరగనట్టు వాళ్ళ ముందు చదివి వినిపించింది ఈ నోరే. పెడుతుంటే నేను నా రెండు కళ్ళతో చూశాను."

ఏ రెండు కళ్ళు, అనుకుంది అనంతలక్ష్మి. కాఫీ గ్లాసు చేతిలో కాలుతోంది.

"నేను పెట్టలేదమ్మా," అన్నాడాయన.

"చదవలేదూ?"

"చదివాను. అది నా ఉద్యోగం."

ఆ గదిలో ఉన్నవాళ్ళంతా ఉద్యోగం కోసం సముద్రాలు దాటినవాళ్ళే. అయినా ఆ మాట ఎవరికీ నచ్చలేదు. ఉదయ్ లేచి, "అంకుల్, ఇవాళ్టికి…" అంటూ ఆయన మోచెయ్యి పట్టుకుని లిఫ్ట్ దాకా దించి వచ్చాడు. వచ్చి చేతులు కడుక్కున్నాడు. అలవాటే కావచ్చు.

ఆ వారంలో జెర్సీ సిటీ చక్కగా ద్వీపమైపోయింది. లిఫ్ట్‌లో ఆయన ఉంటే తెలుగువాళ్ళు తర్వాతి లిఫ్ట్ కోసం ఆగేవాళ్ళు. శశికళ పిల్ల పుట్టినరోజుకి కేకు కోస్తే ఒక్క తెలుగు పిల్ల రాలేదు. రేణు శశికళతో, "కొన్నాళ్ళు నాన్నగార్ని రావద్దను. పెద్దవాళ్ళు బాధపడతారు కదా," అని చాలా మర్యాదగా చెప్పింది. మర్యాదగా చెప్పినందుకు తనని తను మెచ్చుకుంది.

మంగళవారం అనంతలక్ష్మి ఉత్తరాలకోసం కిందికెళ్తే, పోస్టు డబ్బాల పక్క బెంచీమీద ఆయన కూచుని ఉన్నాడు. ఆవిడ చప్పుడు చెయ్యకుండా వెనక్కి తిరగబోయింది.

"హవాయి చెప్పులు టపటపలాడించుకుంటూ దొంగతనంగా పోలేవమ్మాయ్," అన్నాడు. "కూచో. అంటుకోదులే."

కూచుంది.

"వీధి పేరు నాకు అబద్ధం చెప్పావు. పర్లేదు. నీ గొంతు అచ్చం మీ అమ్మ గొంతు. ఆవిడ నన్ను తిట్టేది కూడా రాగయుక్తంగా తిట్టేది." కర్ర రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "శశి నన్ను వచ్చే ఆదివారం ఫ్లైటెక్కిస్తోంది. కాకినాడలో తమ్ముడి కొడుకున్నాడు. అల్లుడికి నామోషీగా ఉందిట."

"అన్నయ్యగారూ…"

"నవల ఇంకా ఎంతుంది?"

"నలభై పేజీలు."

"అక్కడ నాకు చదివి పెట్టేవాళ్ళెవరూ లేరు. కరెంటు పోతే వాళ్ళకి లాంతరు చిమ్నీ తుడవడానికే తీరికుండదు. శనివారం ఆ నలభై పేజీలు వినిపించు, చాలు. బాలమణితో ఒక్క మాట చెప్పు. నీ మాట వింటుంది."

"ఏమని చెప్పను?"

"నేను అన్నం తిన్నాను. ఎవరికీ గంజి పొయ్యలేదు. వాళ్ళు చదవమన్న కాగితం చదివాను. ఈ మూడింటికీ ఏ శిక్ష వేసినా సరే. నాలుగోది నాది కాదు. ఎవరిదో నాకు తెలీదు. నలభై ఏళ్ళు మోశాను, కనీసం సొంతదారు ఎవరో తెలీకుండా."

సొంతదారు ఆయనకి జానెడు దూరంలో కూచుని టెలిఫోన్ బిల్లు కవరు అంచు గోటితో చింపుతోంది.

"చెప్తాను," అంది. ఈసారి నిజంగానే చెప్పాలనుకుంది.

గురువారం పొద్దున బేస్‌మెంట్‌లో బట్టలుతికే గదిలో ఇద్దరే ఉన్నారు. మిషన్లు గిర్రున తిరుగుతున్నాయి. ఆరిన దుప్పటి చెరో చివరా పట్టుకుని మడతపెడుతున్నారు. ఒక్కో మడతకీ ఒక్కో అడుగు దగ్గరికొస్తూ.

"బాలమణీ. ఆ కాగితం పెట్టింది నేను."

"అంచులు కలుపు, వంకర పోతోంది."

"వినపడిందా?"

"వినపడింది. తెలుసు."

అనంతలక్ష్మి చేతిలోంచి దుప్పటి కొస జారిపోయింది. బాలమణి వంగి తీసి, దులిపి, మళ్ళీ ఆవిడ చేతికిచ్చింది.

"ఎప్పటినుంచీ?"

"నువ్వు పుస్తకమిచ్చిన గంటనుంచీ. ముందు విప్పేది నేనేగా. తెల్లటి పళ్ళెం, రొట్టెలు, గుడ్డు. నాన్న అడిగాడు, 'అనంత ఏం పెట్టిందే ఈసారి?' అని. ఖాళీ అన్నాను. 'పాపం, ఏం పెడుతుంది,' అన్నాడు. దిండు కింద దాచుకున్నాను. నాలిక్కి రాసుకునేదాన్నే. రంగూడి గుడ్డు చెరిగిపోతోందని మానేశాను."

మిషను ఒకటి ఆగింది. ఇద్దరూ అటు చూసి, తమది కాదని మళ్ళీ మడతకొచ్చారు.

"సోదాకొచ్చినప్పుడు కంగారుపడి దాన్ని పుస్తకంలోకి తోసేశాను. దులుపుతారని నాకేం తెలుసు? పుస్తకాన్ని ఎవరైనా దులుపుతారటే?"

"మరి వీరాంజనేయులు పెట్టాడని నువ్వే…"

"ఎవరో ఒకరు పెట్టాలి కదే. నేనని చెప్పనా? మా నాన్నని నేనే చంపుకున్నానని వీధికి చెప్పనా? నువ్వని చెప్పొచ్చు. రెండు మూడుసార్లు నోటిదాకా వచ్చింది. నిన్ను కూడా తరిమేస్తే మరి మాకు చదివేదెవరు? నలుగురూ వినేలా చదవగలిగినవాళ్ళలో నాన్న తర్వాత నువ్వొక్కత్తివే మిగిలావు."

"అతని బిడ్డ పోయినప్పుడు…"

"పలుగు మా పెరట్లోనే ఉంది. మీ పెరట్లో లేదూ?"

ఉంది. కొత్తది కూడా.

"శనివారం ఒక్క గంటన్నర బాలమణీ. నలభై పేజీలే."

"చెప్పు. నేను కాదనను. రేణుకి చెప్పు, మీ అల్లుడికి చెప్పు, ఆ శశికళని పిలిచి కూచోబెట్టి చెప్పు. నీ మనవడికి పెద్దయ్యాక చెప్పు, అమ్మమ్మ ఏం చేసిందో. నాది కూడా చెప్పు. మా వాడు ఇంకో తాళం వేస్తాడు, అంతేగా. ఆ తర్వాత శనివారాలు నువ్వు గోడకి చదివి వినిపించు." చివరి మడత దగ్గర ఇద్దరి మొహాలూ మూరెడు దూరంలోకి వచ్చాయి. బాలమణి దుప్పటి అందుకుని అనంతలక్ష్మి చెంప మీద చిన్నగా తట్టింది. "ఆదివారం అతను వెళ్ళిపోతాడే. తర్వాత మనం హాయిగా చదువుకోవచ్చు."

దుప్పటి చాలా బాగా వచ్చింది. మూలకి మూల, అంచుకి అంచు.

అనంతలక్ష్మి శుక్రవారం రేణుకి చెప్పాలనుకుంది. రేణు పిల్లాడికి జలుబని విసుగ్గా ఉంది. రాత్రి ఉదయ్‌కి చెప్పాలనుకుంది. ఉదయ్ టీవీ చూస్తున్నాడు. చెప్పకూడదనుకున్నవాళ్ళకి రోజంతా సాకులే.

శనివారం పొద్దుట్నుంచీ చినుకులు. రేణూ ఉదయ్ పిల్లాణ్ణి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు. మిగతా వాళ్ళెవరూ రాలేదు. సోఫాలో బాలమణి, ఎదురుగా అనంతలక్ష్మి, మధ్యన బల్లమీద నవల. హీటర్ పక్క కుర్చీ ఖాళీ. సరిగ్గా మూడింటికి బెల్లు మోగింది.

"తియ్యకు," అంది బాలమణి.

అనంతలక్ష్మి తలుపు దాకా వెళ్ళి కంతలోంచి చూసింది. ప్రయాణానికి కొన్న కొత్త కోటు వేసుకుని, గుండీ ఒకటి తప్పుగా పెట్టుకుని, చంకలో పుస్తకంతో నిలబడి ఉన్నాడు. ఒక్కడే వచ్చాడు, లిఫ్ట్‌లో మీటలు వేలితో లెక్కపెట్టుకుని వచ్చి ఉంటాడు. ఆవిడ చెయ్యి దానంతటదే గొలుసు మీద పడింది. గొలుసు గలగలమంది. ఆ చప్పుడికి అవతల ఆయన మొహం విచ్చుకుంది. కోటు కాలరు సర్దుకున్నాడు.

"అనంతా," అంది వెనకనుంచి బాలమణి, గొంతు పెంచకుండా. "నీ ఇష్టం."

గొలుసు తియ్యాలంటే రెండు వేళ్ళు చాలు. తీస్తే చెప్పాలి. అనంతలక్ష్మి గొలుసు మళ్ళీ గలగలమనకుండా, ఎంతో జాగ్రత్తగా, చెయ్యి వెనక్కి తీసుకుంది. వచ్చి కూచుని పుస్తకం తెరిచింది.

ఇంకోసారి బెల్లు మోగలేదు. కర్ర నేలకి ఆనించిన చప్పుడు మాత్రం వినిపించింది. ఆయన వెళ్ళలేదు.

ఆవిడ చదవడం మొదలుపెట్టింది. అక్కడికి తలుపు ఎనిమిదడుగులు. మొదటి పేజీ మామూలుగా చదివింది, రెండోది కాస్త పైకి. పదో పేజీకి వచ్చేసరికి రచ్చబండ మీద పురాణం చెబుతున్నట్టు చదువుతోంది. సంభాషణలు మరీ గట్టిగా. తలుపు తియ్యలేదు గానీ వినిపిస్తున్నాను కదా, అనుకుంది. ఆ మాట ఆవిడకి ఎంత హాయినిచ్చిందంటే, ఇరవయ్యో పేజీకి తను మంచిదాన్నేనని కూడా అనిపించింది. ఒకచోట నవల్లో పెద్దాయన కోడలికి సమాధానం చెప్పే ముక్క వచ్చింది. తలుపు అవతల చిన్నగా నవ్విన చప్పుడైంది. అనంతలక్ష్మి పుస్తకం ఇంకాస్త పైకెత్తి పట్టుకుంది. ఇంకా గట్టిగా చదివింది.

బాలమణి కళ్ళు మూసుకుని వింటోంది, చిన్నప్పటిలాగే. మూడు పేజీలుందనగా కళ్ళు తెరవకుండానే అంది:

"గొంతు తగ్గించవే. బయటికి వినిపిస్తోంది."

అనంతలక్ష్మి తలుపువైపు చూసింది. బాలమణి వైపు చూసింది. పేజీ తిప్పింది.

గొంతు తగ్గించింది.

ఆ మూడు పేజీలూ పసిపిల్లని జోకొడుతున్నట్టు చదివింది. పిల్లకి పెళ్ళయిందో లేదో ఆ గదిలో ఇద్దరికే తెలిసింది. అవతల కర్ర ఒకసారి తలుపుకి తగిలింది, దగ్గరికి జరిగినట్టు. ఆ తర్వాత చాలాసేపటికి, అడుగులు. గోడ తడుముకుంటూ వెళ్ళే అడుగులు.

"బాగా ముగించాడు," అంది బాలమణి కళ్ళు తుడుచుకుంటూ. "కాఫీ పెట్టు."

అనంతలక్ష్మి కాఫీ పెట్టింది. పంచదార డబ్బా కోసం అలమార అంతా వెతికింది. లేదు, శ్యామ్‌సుందర్ చెప్పి ఉంటాడు, రేణు దాచేసింది. చేదు కాఫీ గ్లాసు చేతికిస్తే బాలమణి మొహం ముడుచుకుని, దాన్ని బల్లమీద పెట్టి, వెళ్ళి తలుపు తీసింది. నడవాలో ఎవరూ లేరు. కాళ్ళు తుడుచుకునే పట్టా మీద పుస్తకం ఉంది, ఆయన రెండు వారాల కిందట పట్టుకెళ్ళింది.

బాలమణి దాన్ని లోపలికి తెచ్చింది. రెండు అట్టలూ చెరో చేత్తో పట్టుకుని, తలకిందులు చేసి దులిపింది. అచ్చం అలాగే, అనుకుంది అనంతలక్ష్మి.

పంచదార పొట్లం బల్లమీద పడింది.

"ఖాళీగా ఇవ్వలేదు," అంది అనంతలక్ష్మి. తనకే వినపడనంత మెల్లిగా.

బాలమణి పొట్లం కొస పళ్ళతో చింపి, కాఫీలో వొంపింది. కాగితం మూలల్లో ఇరుక్కున్న పలుకులు కూడా గోటితో తట్టి రాల్చింది. చెంచాతో తిప్పి ఒక గుక్క తాగింది.

"చాల్లేదే," అంది. "ఇంకోటి పెట్టాల్సింది."